ఖాళీ చేసి కడిగినా క్యాంపింగ్ టాయిలెట్ కంపు పోవడం లేదు

గోంగూర_డాలస్
మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చి ప్రస్తుతం మా దగ్గరే ఉంటున్నారు. మామగారికి రాత్రిళ్లు మూడు నాలుగు సార్లు లేవవలసి వస్తుంది. స్టేట్ పార్కుల్లో మరుగుదొడ్లు శుభ్రంగానే ఉంటాయి గానీ, గుడారం నుంచి అక్కడిదాకా ఆయనను చీకట్లో నడిపించడం ఇష్టం లేక, రెండు భాగాలుగా విడిపోయే క్యాంపింగ్ టాయిలెట్ ఒకటి కొన్నాను. పై భాగంలో 15 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, కింది భాగంలో 21 లీటర్ల మురుగు ట్యాంకు, రెండింటికీ మధ్య లాగితే తెరుచుకునే పలక ఉంటాయి.

పోయిన వారం టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యురో కాన్యన్ పార్కుకు వెళ్లాం. మొదటి రాత్రి ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం, దాన్ని పెట్టిన చిన్న గుడారం జిప్పు తీసేసరికి ముక్కుపుటాలు అదిరిపోయాయి. వచ్చేటప్పుడు పార్కులోని డంప్ స్టేషన్‌లో, అంటే మురుగు ట్యాంకులు పారబోసే చోట, ఖాళీ చేసి, గొట్టం పెట్టి కడిగి, ఇంటికి తెచ్చి గరాజ్‌లో పెట్టాను. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, గరాజ్ తలుపు తీస్తే ఇప్పటికీ అదే వాసన వస్తోంది. వాసన రాకుండా మురుగు ట్యాంకులో పోసే నీలం మందును సీసా మీద రాసినంత పోశాను. ఇంకా ఎక్కువ పోయాలా, లేక మందే మార్చాలా? వచ్చే నెలలో కొలరాడో ప్రయాణం ఉంది కాబట్టి ఈలోగా దీని సంగతి తేలాలి.

సెంటుసీసా
మూత లోపలి వైపు రెండు కర్పూరం బిళ్లలు గుడ్డలో కట్టి వేలాడదీయండి. గుడారంలో ఉదయం, సాయంత్రం సాంబ్రాణి కడ్డీ వెలిగిస్తే ఎంతో హాయిగా ఉంటుంది. మేము అలాగే చేస్తాం.

రెండోచక్రం
నైలాన్ గుడారంలో సాంబ్రాణి వెలిగిస్తే కంపుతో పాటు గుడారం కూడా పోతుంది. ఆ తరువాత ఆరుబయటే కాబట్టి వాసన సమస్య నిజంగానే ఉండదు.

పాతచెంబు
మందు సంగతి తరువాత చూద్దాం, ముందు నీళ్ల లెక్క వేసుకోండి. ఈ టాయిలెట్లను కాగితంతో తుడుచుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకొని తయారు చేశారు, మనమేమో కడుక్కునే వాళ్లం. ఒకసారికి పావు లీటరు మూత్రం, మరో పావు లీటరు ఫ్లష్ నీళ్లు అనుకుంటే అర లీటరుతో సరిపోవాలి. దాని మీద మీ అత్తగారు చెంబెడు నీళ్లు పోస్తే లీటరున్నర అవుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు రోజుకు ఆరేసి సార్లు వెళ్లారనుకుంటే 18 లీటర్లు, అంటే ఒక్క రోజులో మీ ట్యాంకు గొంతు దాకా నిండిపోతుంది. అన్ని నీళ్లలో మందు పలచబడిపోయి పని చేయడం మానేసి ఉంటుంది. కంపుకు కారణం అదే.

చలిపులి
పాతచెంబు గారి నీళ్ల లెక్క సరైనదే గానీ, దాని నుంచి తేల్చిన విషయంతో నేను ఏకీభవించలేను. సీసా మీద రాసే మోతాదు నిండు ట్యాంకుకు సరిపడేలా ఇచ్చినదే కాబట్టి, ట్యాంకు నిండినంత మాత్రాన మందు పలచబడిపోయిందనుకోవలసిన పని లేదు. నిజానికి నీళ్లు ఎక్కువైతే వాసన కొంత తగ్గుతుంది కూడా. చెంబుతో వచ్చే నష్టం వేరే చోట ఉంది. ట్యాంకు అంచు దాకా నిండితే లోపలి ద్రవం పలక అడుగుకు తగులుతూ, మోసుకెళ్లేటప్పుడు రబ్బరు వాషరును తడుపుతూ ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పదకొండేళ్లుగా క్యాంపర్ వ్యాన్‌లో తిరుగుతున్నాను, ఈ విషయంలో నేను పడని పాట్లు లేవు. గోంగూర గారు నాలుగు ప్రశ్నలకు సమాధానం చెబితే గానీ మందు గురించి మాట్లాడలేము. ఆ వాసన కళ్లు మండించే ఘాటా, లేక కుళ్లిన కోడిగుడ్డు వాసనా? పలక మూసి ఉన్నప్పుడు కూడా వస్తోందా? మందు పోసే ముందు అడుగున నీళ్లు పోశారా? పగలు ఆ గుడారం ఎండలో ఉందా, నీడలో ఉందా?

అరటిబోదె
ఇన్ని ప్రశ్నలు అవసరమా? ట్యాంకులో ఒక మూతెడు బ్లీచ్ పోసి రాత్రంతా ఉంచితే ఉదయానికి వాసన మాయమవుతుంది.

ప్రయోగశాల
అరటిబోదె గారి సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. నిలవ ఉన్న మూత్రంలో అమోనియా ఉంటుంది. దానికి బ్లీచ్ కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువులు పుడతాయి. అది చాలదన్నట్టు ఇంట్లో టాయిలెట్ కడగడానికి వాడే ఆమ్లపు ద్రావణాన్ని కూడా ఎవరైనా పోస్తే, బ్లీచ్‌తో కలిసి క్లోరిన్ వాయువు వస్తుంది. మూసి ఉన్న చిన్న గుడారంలో, అదీ ఒక పెద్దాయన నిద్రలో లేచి కూర్చునే చోట, ఈ రెండూ ప్రమాదమే. బ్లీచ్ వాడితే రబ్బరు కూడా పాడవుతుంది.

చలిపులి గారు అడిగిన మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. అప్పుడే పోసిన మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టడం మొదలుపెట్టాక అమోనియా పుడుతుంది, కళ్లు మండించే ఘాటు దానిదే. కోడిగుడ్డు కంపు వేరే రకం. గాలి అందని చోట మలంలోని గంధకపు పదార్థాలను మరో రకం సూక్ష్మజీవులు తింటే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ఎండ వేడికి ఈ రెండు పనులూ వేగం పుంజుకుంటాయి. చలికాలంలో నాలుగు రోజులు ఊరుకున్న ట్యాంకు టెక్సస్ వేసవిలో ఒకటిన్నర రోజు కూడా ఆగకపోవడానికి కారణం ఇదే, ఇందులో మందు తప్పు లేదు.

గోంగూర_డాలస్
చలిపులి గారి ప్రశ్నలకు వరుసగా సమాధానాలు రాస్తున్నాను. వాసన కచ్చితంగా కళ్లు మండించే ఘాటే, కోడిగుడ్డు వాసన కాదు. పలక మూసి ఉన్నప్పుడు కూడా వస్తోంది, ట్యాంకు ఖాళీగా ఉన్న ఇప్పుడు కూడా వస్తోంది. మందు మాత్రమే పోశాను, నీళ్లు పోయలేదు, ఎందుకంటే ఉన్న 21 లీటర్లలో కొంత ముందే నీళ్లతో నింపడం వృథా అనిపించింది. గుడారం ఉదయం నీడలోనే ఉంది గానీ, పన్నెండు తరువాత నీడ జరిగిపోయిన సంగతి మేము గమనించలేదు.

చలిపులి
ఇప్పుడు దారి దొరికింది. మీ దగ్గర ఒక సమస్య కాదు, రెండు ఉన్నాయి.

మొదటిది అడుగున నీళ్లు లేకపోవడం. ఖాళీ ట్యాంకులో కనీసం రెండు లీటర్ల నీళ్లు పోసి, అందులో మందు కలిపి, ట్యాంకును ఇటూ అటూ వంచి అడుగంతా తడిసేలా చేయాలి. అలా చేయకపోతే ఘనపదార్థం పలక కింద పుట్టలా పేరుకుంటుంది, మందేమో ఒక మూలకు చేరి ఊరుకుంటుంది. రెండు లీటర్లు వృథా అనుకున్నారు గానీ, ఆ రెండు లీటర్లు లేకపోతే మిగతా పంతొమ్మిదీ వృథాయే.

రెండో సమస్య అంతకంటే ఆసక్తికరమైనది. ట్యాంకు ఖాళీగా, కడిగి ఉన్నా అమోనియా ఘాటు వస్తోందంటే, ఆ వాసన ట్యాంకు లోపలి నుంచి రావడం లేదని అర్థం. పై భాగాన్ని, కింది భాగాన్ని పట్టి ఉంచే పక్క కొక్కెం తీసి రెండింటినీ విడదీయండి. పలక చుట్టూ, రెండు భాగాలు కలిసే గాడిలో ఏముందో చూసి చెప్పండి. అడగడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది గానీ, మీ ఇంట్లో మగవాళ్లు దాన్ని నిలబడి వాడుతున్నారా?

గోంగూర_డాలస్
విడదీసి చూశాను. గాడి పొడవునా పసుపు పచ్చటి ఉప్పు పొరలా గట్టిపడి ఉంది. సీటు వెనక బందుల దగ్గర కూడా అదే ఉంది. గోటితో గీకితే పొడిలా రాలింది, రాలినప్పుడు లేచిన ఘాటుకు అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను. ట్యాంకు లోపల ముక్కు పెట్టి చూస్తే అసలు వాసనే లేదు. ఇన్ని రోజులూ కడగవలసిన చోటు వదిలేసి కడిగిన చోటే కడుగుతూ వచ్చానన్న మాట.

మీ ఆఖరి ప్రశ్నకు సమాధానం అవును. ఆ ఎత్తు ఇంట్లో కమోడ్ కంటే తక్కువ, పైగా నిద్రమత్తు, చీకటి. ఒక అల్లుడు మామగారి దగ్గరకు వెళ్లి, కూర్చొని పోసుకోండని ఎలా చెప్పగలడో ఎవరైనా అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

రెండోచక్రం
అల్లుడు చెప్పకూడదు. కూతురు చెప్పకూడదు. అత్తగారు ఒక్కరే చెప్పగలరు, ఆవిడ ఇప్పటికే నలభై ఏళ్లుగా చెబుతూ ఉండి ఉంటారు.

పాతచెంబు
చలిపులి గారి సవరణను ఒప్పుకుంటున్నాను, మందు పలచబడుతుందన్న నా మాట తొందరపాటే. అయినా చెంబు విషయంలో నా ఫిర్యాదు అలాగే ఉంది. మేము పిల్లల జ్యూస్ సీసాలాగా నొక్కితే సన్నటి ధార వచ్చే చేతి సీసా కొన్నాం. అందులో 400 మిల్లీలీటర్లు పడతాయి, ధార సరిగ్గా పడితే సగం సీసాతో పని పూర్తవుతుంది. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. చెంబు కనిపించకపోతే కడుక్కున్నట్టు అనిపించదని ఆవిడ వాదన. ఆ సీసా పక్కనే ఒక ఖాళీ చెంబు కూడా పెట్టడంతో రాజీ కుదిరింది.

ప్రయోగశాల
గోంగూర గారు చూసిన పసుపు పొర మూత్రంలోని లవణాలు ఎండి గట్టిపడినది. సబ్బుతో రుద్దితే అది కదలదు, దానికి ఆమ్లం కావాలి. వంటింట్లో వాడే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడి నీళ్లలో రెండు మూడు చెంచాలు కరిగించి, పాత గుడ్డను అందులో ముంచి గాడి మీద అరగంట పరిచి ఉంచండి. తరువాత పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఆమ్లం మిగలకుండా మంచినీళ్లతో బాగా కడగండి. అంతకుముందు ఎప్పుడైనా అక్కడ బ్లీచ్ వాడి ఉంటే, ముందు దాన్ని పూర్తిగా కడిగేశాకే నిమ్మ ఉప్పు ముట్టుకోండి.

దీనికి సంబంధించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆమ్లం అమోనియాను ఉప్పుగా మార్చి కట్టి ఉంచుతుంది కాబట్టి, నిమ్మ ఉప్పును ట్యాంకులో మొదటే కొంచెం వేస్తే ఘాటు ఆలస్యంగా మొదలవుతుంది. కానీ అప్పటికే కుళ్లి నల్లబడిన ట్యాంకులో వేస్తే కోడిగుడ్డు వాసన ఒక్కసారిగా పైకి తంతుంది, ఎందుకంటే ఆమ్లంలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా సులువుగా వాయువై బయటపడుతుంది. వంట సోడాది దీనికి తిరగబడ్డ కథ. అది అమోనియాను పట్టి ఉంచదు సరికదా, వదిలేయడానికి సాయపడుతుంది. అందువల్ల ఈ పనికి వంట సోడా వేయమని చెప్పే సలహాలను నేను నమ్మను.

సెంటుసీసా
కర్పూరం మాటేమిటి, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ప్రయోగశాల
కర్పూరం వాసనకు వాసనను కలుపుతుందే గానీ తగ్గించదు. రెండు రోజుల తరువాత మీ ఇంట్లో వాళ్లకు గుడిలో హారతి పళ్లెం చూసినప్పుడల్లా ఈ గుడారం గుర్తుకు వస్తుంది.

కొబ్బరిపీచు
మీరందరూ నీళ్లు, మందు, ఆమ్లం అంటూ ఒకే దారిలో వెతుకుతున్నారు. మూత్రం, మలం కలవడం వల్లే సగం కంపు పుడుతుంది కాబట్టి వాటిని కలవనివ్వకపోతే సరిపోతుంది. ముందు వైపు మూత్రం వేరే సీసాలోకి జారిపోయి, వెనక మలం పొడి పదార్థంలో పడే టాయిలెట్లు దొరుకుతున్నాయి. ఆ పొడి పదార్థం మరేదో కాదు, మా కోనసీమలో కొబ్బరి పీచు తీశాక గుట్టలుగా మిగిలే పొట్టే. ఇక్కడ ఒరెగాన్‌లో దాన్ని ఇటుకలుగా నొక్కి అమ్ముతారు. 650 గ్రాముల ఇటుక నీళ్లు తాగితే ఎనిమిది, తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. దాన్ని తడి పోయి పొడిపొడిగా రాలేదాకా ఆరబెట్టి వాడితే, మూడు రోజులకు కూడా వానకు తడిసిన నేల వాసన తప్ప మరేమీ రాదు. చిన్నప్పుడు తాటాకుల మధ్య చూసి పారిపోయిన పొట్టు గుట్టను ఇప్పుడు డాలర్లు పెట్టి కొంటున్నానని ఇంట్లో చెబితే మా నాన్నగారు నవ్వారు.

చలిపులి
మీ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది గానీ, కడుక్కునే నీళ్లు ఆ పొట్టులో పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా.

కొబ్బరిపీచు
బురద అవుతుంది, దాన్ని కాదనలేను. మేము తుడుచుకొని, కడుక్కోవడం పక్కనే పళ్లెం పెట్టుకొని చేస్తాం. పెద్దవాళ్లకు ఇది కుదరదని ఒప్పుకుంటున్నాను.

జంపన్నవాగు
అమెరికా, ఇంగ్లండ్ సంగతులే వస్తున్నాయి కాబట్టి హనుమకొండ నుంచి ఒక అనుభవం రాస్తున్నాను. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు మా అమ్మను వ్యాన్‌లో తీసుకుపోయాం. ఆమెకు మోకాళ్ల ఆపరేషన్ అయింది కాబట్టి కింద కూర్చోలేదు. జాతర రద్దీలో వ్యాన్ ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం. డంప్ స్టేషన్ అనే మాట మనకు ఇక్కడ లేదు, అందుకని ట్యాంకు ఉన్న టాయిలెట్ జోలికి పోలేదు. మెడికల్ షాపులో దొరికే మడత కమోడ్ కుర్చీ తీసుకొని, దాని బకెట్‌లో మందమైన సంచి తొడిగి, మూత్రాన్ని గడ్డ కట్టించే పొడి వేసేవాళ్లం. పిల్లల డైపర్‌లో ఉండే పదార్థమే అది. రెండు చెంచాల పొడికి మూత్రం మొత్తం ఉడికిన సగ్గుబియ్యంలా అయిపోయేది. వెంటనే సంచి ముడివేసి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేవాళ్లం. ఒకటిన్నర రోజు వ్యాన్‌లో ఎనిమిది మందిమి కూర్చున్నాం, ఎవరికీ వాసన రాలేదు. నాలుగో సంచి ముడి సరిగ్గా పడలేదు, ఆ ఒక్క డబ్బా మాత్రం ఇంటికి వచ్చాక పారేయవలసి వచ్చింది.

అందులో ఒక తిప్పలు ఉంది. గడ్డకట్టిన దాన్ని ఇంటి టాయిలెట్‌లో పోయకూడదు, పైపులో ఇంకా ఉబ్బి అడ్డం పడుతుంది. మేము డైపర్లు ఇచ్చినట్టే వేరే సంచిలో కట్టి చెత్త బండికి ఇచ్చాం. రోజూ వాడితే అంత ప్లాస్టిక్ పోగవడం నాకు నచ్చదు గానీ, రెండేళ్లకు ఒకసారి జాతరకు పోయే మా అమ్మకు అదే సరిపోయింది.

చలిపులి
జంపన్నవాగు గారు చెప్పిన పొడి సంచులే కొండలెక్కే వాళ్లు కూడా వాడతారు. కాలిఫోర్నియాలో మౌంట్ విట్నీ ఎక్కే వాళ్లు తమ మలాన్ని అలాంటి సంచుల్లోనే కిందికి మోసుకురావాలన్న నియమం ఉంది.

గోంగూర_డాలస్
నిమ్మ ఉప్పు గుడ్డ రెండు సార్లు పరిచాను. మొదటిసారికి పసుపు పొర మెత్తబడింది, రెండోసారికి బ్రష్‌తో తుడిచినట్టు పోయింది. గరాజ్ తలుపు తీస్తే ఇప్పుడు టైర్ల వాసన మాత్రమే వస్తోంది. అయితే ఇంకొక సంగతి బయటపడింది. పలక లాగుతుంటే బిగుసుకుపోతోంది, దాని చుట్టూ ఉన్న నల్ల రబ్బరు కొంచెం ఉబ్బినట్టు అనిపిస్తోంది. మొదటి వారంలో పలక సాఫీగా జరగడానికి మా అత్తగారు కొబ్బరి నూనె రాశారట.

చలిపులి
ఆ రబ్బరు పని అయిపోయినట్టే. ఈ వాషర్లకు వంట నూనెలు, వాజ్‌లీన్ పడవు, ఉబ్బి ఆకారం కోల్పోతాయి. ఆ తరువాత పలక మూసినట్టే కనిపిస్తుంది గానీ సన్నటి సందులోంచి వాసన పైకి వస్తూనే ఉంటుంది. కొత్త వాషరు తెప్పించి, సిలికాన్ స్ప్రే మాత్రమే వాడండి. పలక మూశాక గిన్నెలో అర గ్లాసు నీళ్లు వదిలిపెట్టి పది నిమిషాలు చూడండి. నీటి మట్టం తగ్గకపోతే వాషరు బాగున్నట్టు. వాడకంలో ఉన్న రోజుల్లో కూడా కొంచెం నీళ్లు అలా పలక మీద నిలిపి ఉంచడం మంచిది, వాసన పైకి రాకుండా ఆపడంలో ఏ మందు కన్నా ఆ నీళ్లే ఎక్కువ పని చేస్తాయి.

మూడోగేరు
కొలరాడో వస్తున్నారు కాబట్టి డెన్వర్ వాసిగా ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. డాలస్ సముద్రమట్టానికి దాదాపు 130 మీటర్ల ఎత్తులో ఉంటే డెన్వర్ 1,609 మీటర్ల ఎత్తులో ఉంది, మీరు కొండల్లోకి పోతే ఇంకా పైకి వెళ్తారు. కింద గట్టిగా మూసిన ట్యాంకులోని గాలికి పైకి వచ్చేసరికి బయటి ఒత్తిడి తగ్గిపోతుంది, ఎండకు వేడెక్కితే లోపలి ఒత్తిడి మరింత పెరుగుతుంది. నేను మొదటి ఏడాది వాడిన ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయకుండానే కొండ ఎక్కించి, గిన్నె మీదికి వంగి ఒక్క ఊపున పలక లాగాను. తరువాత ఏం జరిగిందో వివరించను. ఆ చొక్కా ఇప్పుడు నా దగ్గర లేదు, కళ్లద్దాలు ఉన్నాయి.

పలక లాగే ముందు సీటు మూత మూసి ఉంచి, పలకను వేలెడంత మాత్రమే తెరవండి. బుస్సుమని గాలి పోయాక పూర్తిగా లాగండి. మీ మామగారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

గోంగూర_డాలస్
మా మామగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు, నాగార్జున సాగర్ కుడి కాలువ మీద ఎన్నో ఏళ్లు ఉన్నారు. మూడోగేరు గారి సందేశం ఆయనకు చదివి వినిపించాను. గేటు ఎప్పుడూ ఒక్కసారిగా ఎత్తకూడదనీ, పైన కింద మట్టాలు చూసుకొని అంగుళం అంగుళం ఎత్తాలనీ, ఈ మాత్రం తెలియని వాడికి అమెరికాలో ఇంజనీరు ఉద్యోగం ఎవరిచ్చారనీ అడిగారు. ఇప్పుడు పలక బాధ్యత ఆయనే తీసుకున్నారు.

రెండోచక్రం
ఇక మీ ట్యాంకు మట్టం, విడుదల చేసిన క్యూసెక్కులు రోజూ ఉదయం ప్రకటిస్తారని ఆశిస్తున్నాం.

తెల్లచీమ
నీలం మందు, ఆకుపచ్చ మందు మధ్య తేడా ఏమిటో ఎవరైనా చెప్పగలరా? మా ఊరి క్యాంపు మైదానంలో నీలం తేవద్దని బోర్డు పెట్టారు.

చలిపులి
నీలం మందులు ప్రధానంగా సూక్ష్మజీవులను చంపి కుళ్లడాన్ని ఆపుతాయి, అందుకే వేడిలో వాటికి తిరుగులేదు. చిక్కంతా ఖాళీ చేసిన తరువాత వస్తుంది. పల్లెటూరి క్యాంపు మైదానాల్లో మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. అక్కడ మురుగును జీర్ణం చేసే సూక్ష్మజీవులను కూడా ఈ మందు చంపేస్తుంది. ఆకుపచ్చ మందులు సెప్టిక్ ట్యాంకుకు హాని చేయని రకం. మీరు బోర్డు మీద రాసినట్టే నడుచుకోండి.

ప్రయోగశాల
పాత నీలం మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉండేది, అది క్యాన్సర్ కారకం. కాలిఫోర్నియాలో 2022 నుంచి ఫార్మాల్డిహైడ్, బ్రోనోపాల్ వంటివి కలిసిన టాయిలెట్ మందుల అమ్మకాన్ని నిషేధించారు. రంగు చూసి నిర్ణయించకుండా సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి.

ఆకుపచ్చ వాటిలో సూక్ష్మజీవులు, ఎంజైములు ఉన్న రకాల నుంచి ఒక్క రాత్రిలో అద్భుతం ఆశించకూడదు. మన రైలు పెట్టెల కింద అమర్చిన బయో టాయిలెట్లలో సూక్ష్మజీవులు అదే ట్యాంకులో స్థిరంగా కాపురం ఉంటాయి కాబట్టి పని జరుగుతుంది. మనం రెండు రోజులకోసారి ఇల్లు ఖాళీ చేయిస్తుంటే అవి ఎక్కడ స్థిరపడతాయి? వేసవిలో నైట్రేట్ ఆధారంగా పనిచేసే రకం నాకు మేలనిపించింది. నైట్రేట్ దొరికినంతసేపు సూక్ష్మజీవులు గంధకం జోలికి తక్కువగా పోతాయి, కోడిగుడ్డు వాసన అక్కడే ఆగిపోతుంది.

అరటిబోదె
బ్లీచ్ విషయంలో నేను చెప్పింది తప్పేనని ఒప్పుకుంటున్నాను. ఖాళీ చేసేటప్పుడు గుడగుడమంటూ కాళ్ల మీద చిందకుండా ఉండటానికి ఏమైనా ఉపాయం ఉందా?

చలిపులి
పక్కకు తిరిగే గొట్టం దగ్గర చిన్న గాలి బొత్తాం ఉంటుంది. గొట్టం కిందికి వంచి, ద్రవం పారడం మొదలయ్యాక ఆ బొత్తాం బొటనవేలితో నొక్కి పట్టుకుంటే లోపలికి గాలి పోయి ధార నూనెలా సాఫీగా పడుతుంది. వంచక ముందే నొక్కితే మాత్రం ఆ రంధ్రంలోంచే కారుతుంది. తరువాత ఐదు లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, ట్యాంకును గట్టిగా కుదిపి పారబోయాలి. ఇలా రెండు సార్లు చేయాలి. చాలామంది గొట్టంతో పైపైన ఒకసారి కడిగి వదిలేస్తారు, మూలల్లో మిగిలిన దానితోనే తరువాతి ప్రయాణంలో కంపు మొదలవుతుంది.

నిర్వాహకుడు
బ్లీచ్ సలహా ఉన్న సందేశాన్ని తొలగించమని ఇద్దరు సభ్యులు కోరారు. దాని కిందనే ప్రయోగశాల గారి వివరణ ఉంది కాబట్టి, ఇదే ప్రశ్నతో వచ్చే వాళ్లకు ఉపయోగపడుతుందని దాన్ని అలాగే ఉంచుతున్నాను.

గోంగూర_డాలస్
కొలరాడో నుంచి నిన్న రాత్రి తిరిగి వచ్చాం. ఐదు రాత్రులు ఉన్నాం, రెండు రోజులకు ఒకసారి ఖాళీ చేశాం, వాసన గురించి ఎవరూ నోరెత్తలేదు. కొత్త వాషరు వేశాను, ముందుగా రెండు లీటర్ల నీళ్లు పోశాను, గుడారాన్ని మధ్యాహ్నం కూడా నీడ ఉండే చోట వేశాను. కడుక్కోవడానికి పాతచెంబు గారు చెప్పిన నొక్కుడు సీసా పెట్టాం. దాని పక్కన ఖాళీ చెంబు పెట్టక తప్పలేదు.

నిలబడే సమస్యకు పరిష్కారం మా అత్తగారు కనిపెట్టారు. మెడికల్ షాపులో మంచాన పడిన మగవాళ్లకు ఇచ్చే మూతి వెడల్పు ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది కదా, అది తెప్పించి మామగారి పడక పక్కన పెట్టారు. రాత్రి ఆయన లేవవలసిన పని కూడా లేకపోయింది. ఉదయాన్నే పలక అంగుళం అంగుళం తెరిచి, దాన్ని ట్యాంకులో వంచి, మట్టం ఎంతుందో నాకు చెప్పేవారు. అడక్కుండానే రెండో రోజు సాయంత్రం, ట్యాంకు ముప్పాతికకు వచ్చింది కాబట్టి విడుదల చేయాలని హెచ్చరించారు.

మళ్లీ అక్టోబరు దాకా దీన్ని వాడం. అప్పటిదాకా మూతలు బిగించి అటక మీద పెట్టవచ్చా?

చలిపులి
మూతలు బిగించవద్దు. రెండు భాగాలు విడదీసి నీడలో పూర్తిగా ఆరనిచ్చి, పై ట్యాంకులో నీళ్లు కూడా ఖాళీ చేసి, రబ్బరుకు సిలికాన్ స్ప్రే కొట్టండి. పలక సగం తెరిచి ఉంచి, గొట్టం మూత తీసేసి పెట్టండి. మూసి ఉంచితే పలక రబ్బరుకు అతుక్కుపోతుంది, లోపలి తేమకు బూజు పడుతుంది. అటక ఎండకు వేడెక్కుతుంది కాబట్టి గరాజ్‌లో కింది అరలోనే మేలు. తెరిచిన మూతికి పాత పలచటి గుడ్డ కట్టండి, లేకపోతే సాలీళ్లు కాపురం పెడతాయి.

గోంగూర_డాలస్
గుడ్డ కట్టాను. విడిగా పెట్టిన గొట్టం మూత పోకుండా మామగారు దాన్ని పురికొసతో పిడికి కట్టి, మీద చీటీ అంటించారు.